అరగంట మందు – ఇరువదియొక్క దినముల కావలి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా అక్షరదీపము ఆరకుండ కాపాడిన గ్రంథాలయమునకు నేడు పండుగ. ఇట్టి వేళ కాన్సరు మందులను గూర్చి ప్రసంగమేల యని కొందరు తలపవచ్చును. శుభకార్యమున వ్యాధి పేరెత్తరాదని పెద్దల వాడుక. కాని తెలియనిదానిని తెలియజెప్పుట కొరకే గ్రంథాలయము పుట్టినది. పూర్వము పేరు వినినంతనే ఆశ వదలుకొనెడి ఈ వ్యాధికి నేడు క్రొత్త చికిత్సలు వచ్చినవి. వానిలో ఇమ్యునోథెరపీ యనునది ఒకటి. దానిని ఇచ్చువారు పట్టణములోని వైద్యులు, నర్సులు. దాని మంచిచెడ్డలు పెక్కుసారులు మొదట కనిపించునది మాత్రము రోగి యింటిలో, అనగా ఇట్టి గ్రామములలోనే.

ఒక చిన్న లెక్క చూడవలెను. ఈ మందులలో కొన్నింటిని మూడు వారముల కొకసారి నరమునకు ఎక్కింతురు. మందు ఎక్కుటకు పట్టు కాలము సుమారు అరగంట. మూడు వారములనగా 504 గంటలు. ఆ అరగంటయందు రోగి ప్రక్కన శిక్షణ పొందిన నర్సు నిలిచియుండును. తక్కిన 503 గంటల ముప్పది నిమిషములలో రోగిని కనిపెట్టి యుండువారెవరు? భార్య, కుమారుడు, కోడలు, పొరుగువారు. వీరికి ఏమి చూడవలెనో, ఎప్పుడు చెప్పవలెనో తెలిసినచో మందు ప్రాణము నిలుపుటకు తోడ్పడును. తెలియనిచో ఆ మందే ప్రాణము మీదికి తేవచ్చును. ఈ ప్రసంగమున చెప్పదగినదంతయు ఈ యొక్క మాటలోనే యున్నది.

కావలికుక్క గొలుసు

మానవ శరీరములో వ్యాధిక్రిములతో పోరాడు తెల్ల రక్తకణములు కలవు. వానిలో టీ కణములనునవి పెరటిలోని కావలికుక్క వంటివి. ఇంటివారిని విడిచి పరాయివారిని పట్టుట వాని పని. కుక్క అయినవారిని కరవకుండ దానికి గొలుసు కట్టినట్లు, ఈ కణములకును ప్రకృతి కొన్ని కళ్ళెములు వేసినది. కాన్సరు కణము మహా టక్కరి. అది ఇంటివానివలె నటించి, ఆ గొలుసును తానే బిగించి, కావలి లేకుండ చేసికొని పెరుగును.

శరీరముయొక్క స్వంత శక్తినే కాన్సరుపైకి ఉసికొల్పవచ్చునన్న తలంపు క్రొత్తది కాదు. 1891లో న్యూయార్కు నగరమున విలియం కోలీ యను శస్త్రవైద్యుడు కాన్సరు రోగికి సూక్ష్మక్రిములనే ఇంజక్షనుగా ఇచ్చి, వచ్చిన జ్వరముతోపాటు గడ్డ తగ్గుట గమనించెను. ఫలితములు నిలకడగా లేకపోవుటచే ఆ పద్ధతి కాలక్రమమున మూలబడెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట జపానులో తసుకు హోంజో బృందము 1992లో పీడీ-1 అను కళ్ళెమును కనుగొనెను. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సీటీఎల్ఏ-4 అను మరియొక కళ్ళెమును విప్పినచో ఎలుకలలో గడ్డలు కరగుట చూపెను. 2011లో ఇపిలిముమాబ్, 2014లో నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అను మందులు వాడుకలోనికి వచ్చినవి. ఆలిసన్, హోంజో పండితుల కిరువురకును 2018లో నోబెల్ బహుమతి లభించెను.

అమెరికా పూర్వాధ్యక్షుడు జిమ్మీ కార్టరుకు 2015లో చర్మపు కాన్సరు కాలేయమునకును మెదడునకును ప్రాకినట్లు తెలిసెను. అప్పటి కాయన వయస్సు తొంబది దాటినది. శస్త్రచికిత్స, రేడియేషనులతోపాటు పెంబ్రోలిజుమాబ్ కూడ ఇచ్చిరి. ఆ సంవత్సరాంతముననే కాన్సరు జాడ కనబడుట లేదని ఆయన ప్రకటించెను. పిమ్మట తొమ్మిది సంవత్సరములు జీవించి, నూరేండ్లు నిండిన వెనుక 2024 డిసెంబరులో మరణించెను. అయితే అందరి విషయమున ఇట్లే జరుగునని భ్రమపడరాదు. ఈ మందు కొందరిపై అద్భుతముగా పనిచేయును, కొందరిపై కొంత పనిచేయును, మరికొందరిపై అసలే పనిచేయదు.

తెలుగునాట ఈ మందుల అవసరము లేదనుకొనుట పొరపాటు. పొగాకు, ఖైనీ, గుట్కాల వలన నోటి కాన్సరు, గొంతు కాన్సరు వచ్చుచున్నవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో చుట్టను నిప్పు నోటిలోపలికి పెట్టి కాల్చు అడ్డపొగ అలవాటువలన అంగిటికి కాన్సరు వచ్చుట వైద్యులందరు ఎరిగినదే. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, ముదిరిన తల, మెడ కాన్సరులు గల 151 మంది రోగులపై జరిపిన పరిశోధనను 2022లో ప్రకటించిరి. నోటి ద్వారా ఇచ్చు మాత్రలకు తోడు మూడు వారముల కొకసారి కేవలము 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ చేర్చిరి. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది నాటికి నూటికి 16 మంది జీవించియుండగా, ఈ మందు చేర్చినవారిలో 43 మంది జీవించియుండిరి. మామూలు మోతాదు దీనికి పదిరెట్లకు పైగా ఉండును. ధర భరింపలేని వారికి ఇది ఒక ఆశాకిరణము. మందు పేదవాని గుమ్మము దాక వచ్చుచున్నప్పుడు, దానిని కనిపెట్టు జ్ఞానము కూడ ఆ గుమ్మము దాక రావలెను గదా!

ఈ మందు చేయు హాని వేరు

కాన్సరు మందు అనగానే జుట్టు రాలుట, వాంతులు, రక్తకణములు తగ్గుట అందరికి స్ఫురించును. అవి కీమోథెరపీ లక్షణములు. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో అమెరికాలో తయారైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనునవి ఆ మార్గములో తొలినాటి మందులు. పెరుగుచున్న కణములను నేరుగా దెబ్బతీయుట వాని పని.

ఇమ్యునోథెరపీ అట్టిది కాదు. ఇది కావలికుక్క గొలుసు విప్పును. విప్పిన కుక్క దొంగనే పట్టవచ్చును, ఒక్కొక్కప్పుడు ఇంటివానిని గూడ కరవవచ్చును. రోగనిరోధక కణములు ప్రేగును తాకినచో విరేచనములు, ఊపిరితిత్తులను తాకినచో దగ్గు ఆయాసములు, చర్మమును తాకినచో దద్దురులు, కాలేయమును తాకినచో కామెర్లు, థైరాయిడు గ్రంథిని తాకినచో నీరసము కలుగును. కీళ్ళు వాచుటయు కలదు. అది మొండిపట్టు పట్టినప్పుడు సుబ్బారావు గారి కాలపు మెథోట్రెక్సేట్ మందునే వైద్యులు కొన్నిసారులు ఆశ్రయించుచున్నారు. ఒక తెలుగువాని కృషి ఇట్లు క్రొత్త మందు చేయు హానికిని విరుగుడుగా నిలిచినది.

ఈ లక్షణములకు కాలనియమము లేదు. చర్మపు దురద తొలివారములలోనే రావచ్చును. విరేచనములు తరచుగా ఆరు, ఎనిమిది వారములలో మొదలగును. గ్రంథుల వ్యాధులు ఇంకను ఆలస్యముగా బయటపడును. మందు మానివేసిన కొన్ని నెలల తరువాత గూడ కొన్ని లక్షణములు తలయెత్తవచ్చును. మందు ఆపితిమి గదా, ఇక భయము లేదని నిశ్చింతగా ఉండరాదు.

ఆసుపత్రిలో నర్సు కావలి

ఫ్లారెన్సు నైటింగేల్ 1859లో వెలువరించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథములో రోగిని పరిశీలించుటకే ఒక అధ్యాయము కేటాయించెను. ఈ చికిత్సలో ఆ పరిశీలనయే సగము వైద్యము.

మొదటి మందు ఇచ్చుటకు ముందే నర్సు రోగిని కూర్చుండబెట్టి ప్రశ్నించును. రోజుకు ఎన్నిసారులు విరేచనమగును? మెట్లు ఎక్కినప్పుడు ఆయాసము వచ్చునా? పూర్వము కీళ్ళవాతము, సొరియాసిస్, థైరాయిడు వంటివి ఉన్నవా? వాడు మందులేవి? బరువు, జ్వరము, నాడి, రక్తపుపోటు, రక్తములోని ఆక్సిజను పరిమాణము వ్రాసికొనును. ఈ వివరములు పనికిరాని కాలక్షేపము కావు. నిన్న ఎట్లుండెనో తెలియనిదే నేడు మారెనని ఎట్లు తెలియును? రోజుకు ఒకసారి వెళ్ళు వానికి ఐదుసారులగుటకును, నాలుగుసారులు వెళ్ళు అలవాటుగల వానికి ఐదుసారులగుటకును ఎంతో భేదమున్నది.

తరువాత ప్రతి విడత మందుకు ముందు రక్తపరీక్షల కాగితము చూచును. రక్తకణములు, కాలేయము, మూత్రపిండములు, చక్కెర, నియమిత కాలమునకు థైరాయిడు లెక్కలు వచ్చినవో లేదో చూచి, ఏదైన హెచ్చుతగ్గు కనబడినచో మందు కలుపక ముందే వైద్యునికి తెలుపును. మందు సీసా 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉంచవలెను. దానిని గట్టిగా కుదుపరాదు. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటివానిని సన్నని వడపోత అమర్చిన గొట్టము గుండనే ఎక్కించవలెను. ఆ గొట్టములోనే వేరు మందు కలుపరాదు.

మందు ఎక్కుచుండగా చలి, వణకు, ముఖము ఎర్రబారుట, దురద, ఆయాసము, నడుమునొప్పి, కన్నులు తిరుగుట వంటివి కలిగిన రోగి వెంటనే చెప్పవలెను. ‘సిస్టరమ్మకు పనుల తొందర, కొంతసేపు ఓర్చుకొందము’ అనుకొనుట తప్పు. నర్సు వెంటనే మందు ఆపి, నరమును సెలైనుతో నిలిపియుంచి, వైద్యుని పిలిచి, నాడిని రక్తపుపోటును మరల చూచును. రోగి నోరు విప్పినప్పుడే ఆమె చేయి కదలును.

ఇంటిలో చూడవలసినవి

ఇప్పుడు ముఖ్యమైన భాగము. ఒక రైతునకు ఊపిరితిత్తుల కాన్సరుకై ఈ మందు ప్రారంభించిరనుకొనుడు. రెండు విడతలు సుఖముగా గడచినవి. దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది. ఇంటిల్లిపాదికి సంతోషము. ఏడవ వారమున రోజుకు ఐదారు విరేచనములు మొదలైనవి. వేసవి గనుక మామిడిపండ్లు పడలేదని ఇంటివారనిరి. అంగడిలో విరేచనములు కట్టు మాత్ర తెచ్చి వేసిరి. ఒక దినము తగ్గినట్లయి మరల హెచ్చినవి. ఆసుపత్రికి ఫోను చేయుదమని భార్య అనగా, ఆ రైతు, ‘వద్దు, చెప్పినచో మందు ఆపివేయుదురు. ప్రాణము నిలబెట్టిన మందు అది’ అని వారించెను.

ఆ రైతు భయము అర్థము లేనిది కాదు. కాని ఆ మౌనమే అన్నిటికన్న గొప్ప ప్రమాదము. ఇది అజీర్ణము గాక రోగనిరోధక కణములు ప్రేగుపై చేసిన దాడి యైనచో, మాత్ర విరేచనమును దాచును గాని వాపును మాన్పదు. వాపు ముదిరినచో ప్రేగునకు రంధ్రము పడవచ్చును. అదే మొదటి రెండు దినములలో చెప్పినచో, వైద్యులు మలపరీక్షచేసి, వేరు క్రిమి లేదని నిశ్చయించుకొని, తదుపరి విడత మందు తాత్కాలికముగా నిలిపి, స్టిరాయిడు ఇత్తురు. సకాలమున పట్టుకొన్నచో పెక్కుమందికి నయమగును. నయమైన పిమ్మట పలువురికి అదే మందు మరల ఆరంభించుటయు కలదు. చెప్పుటవలన మందు పోదు, చెప్పకపోవుటవలననే పోవును.

వైద్యులు విరేచనములకు ఒక కొలత పెట్టుకొనిరి. రోగి మామూలు అలవాటుకన్న దినమునకు నాలుగుకు లోపుగా పెరిగిన మొదటి మెట్టు. నాలుగు మొదలు ఆరు వరకు పెరిగిన రెండవ మెట్టు. ఏడు, అంతకు మించిన మూడవ మెట్టు. మొదటి మెట్టుననే ఫోను చేయవలెను. రెండవ మెట్టున ఆలస్యము కూడదు. మూడవ మెట్టునను, రక్తము, జిగట పడినను, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినను ఆసుపత్రికి ప్రయాణము కావలెను. 

రెండవది దగ్గు, ఆయాసము. నిన్న నీళ్ళబిందె ఎత్తుకొని వచ్చిన మనిషి నేడు గడపకడనే కూలబడినచో, పొడిదగ్గు క్రొత్తగా పట్టినచో, అది రొంపయని కషాయము కాచి ఊరకుండరాదు. కరోనా కాలమున కొన్న వ్రేలి ఆక్సిమీటరు పెక్కు ఇండ్లలో ఉన్నది. దాని అంకె మామూలుకన్న తగ్గుచున్నదేమో చూచి, వెంటనే తెలుపవలెను.

మూడవది విపరీతమైన నీరసము. కాన్సరు రోగికి నీరసము సహజమే గదా యని విడిచిపుచ్చు లక్షణమిది. చలికి ఓర్వలేకుండుట, మలబద్ధము, బరువు పెరుగుట థైరాయిడు మందగించుటకు గుర్తులు. దినమున కొక మాత్రతో అది చక్కబడును. కాని విడువని తలనొప్పి, చూపు తేడా, నిలబడగానే కన్నులు తిరుగుట, రక్తపుపోటు పడిపోవుట ఉన్నచో పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులు దెబ్బతినియుండవచ్చును. అప్పుడు తగిన స్టిరాయిడు అందనిచో ప్రాణాపాయము. విపరీతమైన దాహము, మాటిమాటికి మూత్రము, వాంతులు కలిగినచో చక్కెర పరీక్ష ఆ పూటయే చేయించవలెను. మధుమేహము ఎన్నడు లేనివారికి గూడ అది అకస్మాత్తుగా రావచ్చును.

నాలుగవది గుండె, కండరములు. ఇది బహు అరుదు. నూటికి ఒకరికో, అంతకన్న తక్కువమందికో వచ్చును. కాని వచ్చినచో అతి భయంకరము. తొలి మూడు నెలలలో దీని భయము హెచ్చు. రొమ్ముననొప్పి, గుండెదడ, ఊపిరాడకుండుట, కనురెప్పలు వాలిపోవుట, మ్రింగుట కష్టమగుట, మెడ నిలుపలేకుండుట కనబడినచో ఉదయము దాక వేచియుండరాదు. 108కు ఫోను చేయవలెను.

చర్మముపై దద్దురులు, దురద కలిగినచో చూపి లేపనము వ్రాయించుకొనిన చాలును. బొబ్బలు లేచినను, నోరు కన్నులు పుండ్లు పడినను అది అత్యవసరము. కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగుకు మారుట కాలేయపు వాపునకు గుర్తులు. కామెర్లని పసరు మందుకు పోరాదు.

చేయదగినవి, చేయరానివి

ఆసుపత్రివారు ఇచ్చు చీటీని, అనగా రోగి పేరు, మందు పేరు, నర్సు ఫోను నంబరు గల కార్డును, ఎల్లప్పుడు జేబులో ఉంచుకొనవలెను. అమెరికాలోని ఆంకాలజీ నర్సింగ్ సొసైటీ ఇట్టి కార్డును తయారుచేసి ప్రచారములో పెట్టినది. దాని అవసరమేమనగా, రాత్రివేళ క్రొత్త వైద్యుని వద్దకు పోయిన రోగి ‘కాన్సరు మందు ఎక్కించుకొనుచున్నాను’ అని మాత్రమే చెప్పును. ఆ వైద్యుడు కీమోథెరపీ యని తలచి వేరుదారి పట్టవచ్చును. ‘ఇది ఇమ్యునోథెరపీ’ అన్న ఒక్క ముక్క చికిత్సను సరియైన దారికి త్రిప్పును. ఊరిలోని వైద్యునికిని, పన్ను పీకు దంతవైద్యునికిని, మందుల అంగడివానికిని ఆ కార్డు చూపవలెను. చికిత్సకాలమునను, మానిన పిమ్మట వైద్యులు చెప్పిన నెలల వరకును గర్భము రాకుండ జాగ్రత్త వహింపవలెను.

స్టిరాయిడు వ్రాసినచో తగ్గినదని మధ్యలో మానరాదు. సామాన్యముగా దానిని నాలుగు నుండి ఆరు వారములు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువకాలము, మెల్లమెల్లగా తగ్గింతురు. హఠాత్తుగా మానినచో తగ్గిన వాపు మరల విజృంభించును. స్టిరాయిడు వాడు దినములలో చక్కెర పెరుగును, క్రిములు సులభముగా సోకును. కనుక జ్వరము వచ్చిన దాచరాదు.

పలక మీద ఒక వాక్యము

ఇమ్యునోథెరపీలో మరియొక శాఖ కలదు. రోగి రక్తములోని టీ కణములను బయటికి తీసి, ప్రయోగశాలలో వానికి కాన్సరును గుర్తించు శక్తి కల్పించి, తిరిగి ఎక్కింతురు. దానికి కార్-టీ చికిత్స యని పేరు. 2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అను ఆరేండ్ల బాలికకు రక్తకాన్సరునకై ఈ చికిత్స చేసిరి. కొలది దినములకు విపరీతమైన జ్వరము వచ్చి, ఆమె వెంటిలేటరు మీదికి పోయెను. రక్తపరీక్షలో ఐఎల్-6 అను పదార్థము మితిమీరి యున్నదని తెలిసి, కీళ్ళవాతమునకు వాడు టోసిలిజుమాబ్ ఇచ్చిరి. బాలిక కోలుకొని తన ఏడవ పుట్టినరోజున కన్ను తెరచెను. పరీక్ష చూచి, కారణము గ్రహించి, సకాలమున విరుగుడు ఇచ్చుటయే ఆమెను బ్రతికించినది. భారతదేశములో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన నెక్స్‌కార్19 అను ఇట్టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించెను.

ఈ చికిత్స పొందినవారికి జ్వరముతోపాటు మెదడు మందగించు ప్రమాదము కలదు. దానిని కనుగొనుటకు నర్సులు చేయు పరీక్ష గ్రంథాలయమున చెప్పదగినది. సంవత్సరమేది, నెల యేది, ఈ యూరేది, ఈ ఆసుపత్రి యేది యని అడుగుదురు. మూడు వస్తువులు చూపి పేర్లు చెప్పుమందురు. ఒక చిన్న పని చెప్పి చేయుమందురు. నూరునుండి పదేసి చొప్పున వెనుకకు లెక్కింపుమందురు. చివరకు ఒక వాక్యము వ్రాయుమందురు. అన్నిటికి కలిపి పది మార్కులు. ప్రతిదినము రోగి అదే కాగితముపై వాక్యము వ్రాయును. మొదటిదినము ముత్యములవలె నున్న అక్షరములు రెండు దినములకు వంకరలు పోయి, గీతలై, ఒకదానిపై నొకటి పడినచో, మెదడునకు ఏదో సోకుచున్నదని నర్సు గ్రహించును. కోట్ల రూపాయల యంత్రములున్న చోట కూడ ఒక కలము, ఒక కాగితము ప్రాణమును కాయుచున్నవి. అక్షరము విలువ చాటుటకు ఇంతకన్న నిదర్శనమేల?

గ్రంథాలయము చేయగల సేవ

చెప్పుటవలన ఆయువు పెరుగునా యని సందేహింపవచ్చును. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 766 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితము 2017లో వెలువడెను. వారు కీమోథెరపీ పొందుచున్నవారు. కొందరు తమ బాధలను తామే కంప్యూటరులో ఎప్పటికప్పుడు తెలిపిరి. బాధ హెచ్చినచో నర్సుకు వెంటనే సందేశము పోయెడిది. తక్కినవారు మామూలు పద్ధతిలో వైద్యుని చూచినప్పుడే చెప్పుకొనిరి. మామూలు పద్ధతివారిలో సగముమంది 26 నెలలు జీవింపగా, ఎప్పటికప్పుడు చెప్పినవారిలో సగముమంది 31 నెలలకు పైగా జీవించిరి. క్రొత్త మందేమియు లేదు. చెప్పుట, వినుట, వెంటనే కదలుట, ఇంతే భేదము.

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికో, విశాఖపట్టణములోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రికో పోయి వచ్చు రోగులు గ్రామములలో ఉన్నారు. వారిలో ఆసుపత్రి కాగితము చదువలేనివారును ఉన్నారు. చదువనేర్చిన గ్రంథాలయ సభ్యుడొకడు వారానికొకమారు పోయి ఆ కాగితము చదివి చెప్పినచో ఎంత మేలు! ఒక నోటుపుస్తకమున తేదీ, జ్వరము, బరువు, విరేచనముల సంఖ్య, దగ్గు, ఆకలి అని గడులు గీసి యిచ్చినచో, ఇంటిలోని బడిపిల్లవాడైన నింపగలడు. వైద్యుడు ‘ఎన్ని దినములనుండి?’ అని అడిగినప్పుడు ‘మొన్నటినుండి కాబోలు’ అనుటకు బదులు పుస్తకము తెరచి చూపవచ్చును.

ఒక్క హెచ్చరిక. రోగి వ్యాధి రోగి సొత్తు. సహాయమునకు పోయినవారు దానిని రచ్చబండ మీద చర్చించరాదు. కాన్సరు అంటువ్యాధి కాదు. రోగి త్రాగిన గ్లాసు వేరుగా పెట్టనక్కరలేదు. వెలివేసినట్లు చూచినచో రోగి తన బాధను ఎవరికి చెప్పుకొనును? చెప్పుకొననిచ్చు వాతావరణమే ఈ చికిత్సలో తొలి మందు.

పూర్వము పంటకాలమున రైతులు మంచె వేసికొని రాత్రులు పొలము కాచెడివారు. విత్తినవాడు ఒకడైనను కాచువారు పలువురు. ఆసుపత్రి విత్తును విత్తి పంపుచున్నది. ఇరువదియొక్క దినములు మంచె మీద కూర్చుండువారు గ్రామములోనివారే. వారి చేతికి ఒక దీపము వంటిది చదువు. ఆ దీపమును ఇరువదియైదు సంవత్సరములు వెలిగించిన ఈ గ్రంథాలయము ఇంకను పెక్కు తరములు వెలుగు నిచ్చుగాక! గ్రామము ఆయురారోగ్యములతో వర్ధిల్లుగాక!